అర మిల్లీమీటరు పొర

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే దూరప్రయాణికుల్లో కంటి జబ్బు మీద వచ్చేవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. ఎండ పొడకు ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కొడుకు భుజమో కోడలి చెయ్యో పట్టుకుని నడుస్తుంటారు. హౌరా నుంచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో బెంగాలీలు, ఒడియావాళ్లు ఉంటారు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే రైళ్లలో మన పత్తి రైతులు ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత చీటీలు, సగం వాడి మూత బిగించిన చుక్కల సీసాలు. ఆటో మాట్లాడుకునేటప్పుడు చాలామంది చెప్పేది ఒక్కటే పేరు, ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి.

శుక్లాల ఆపరేషన్ కోసమైతే ఇప్పుడు అంత దూరం రానక్కర్లేదు. జిల్లా కేంద్రాల్లోనే చేస్తున్నారు, సికింద్రాబాద్‌లో అయితే కంటి ఆసుపత్రులకు కొదవ లేదు. ఇంత ప్రయాణం చేసి వచ్చేవాళ్లలో చాలామందిది వేరే బాధ. నల్లగుడ్డు మీద పువ్వు పడినవాళ్లు, సున్నం చింది కన్ను తెల్లబడ్డవాళ్లు, ఎప్పుడో శుక్లం ఆపరేషన్ అయ్యాక కన్ను నీరుపట్టి చూపు మసకబారినవాళ్లు. ఈ జబ్బులన్నీ కంటికి ముందువైపు ఉండే ఒకే ఒక్క పొరవి. దాన్ని డాక్టర్లు కార్నియా అంటారు. ఆ పొర మీద జీవితమంతా పనిచేసిన సర్జన్ డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. అందరూ జి.ఎన్. రావు అంటారు.

పెద్ద సర్జన్ అనగానే మనకు ఆయన చెయ్యి గుర్తొస్తుంది. వణకని వేళ్లు, వేల ఆపరేషన్ల అనుభవం. కార్నియా విషయంలో ఆ లెక్క సరిపోదు. బల్ల దగ్గర చేసేది గంట పని. ఆ గంటకు ముందు ఎక్కడో ఒక కుటుంబం చనిపోయిన మనిషి కళ్లు ఇవ్వడానికి ఒప్పుకోవాలి. ఆ గంట తర్వాత ఏళ్ల తరబడి ఎవరో ఒకరు ఆ కంటిని కనిపెట్టుకుని ఉండాలి. ఇవి రెండూ లేకపోతే ఎంత చేయితిరిగిన సర్జనైనా చేయగలిగింది తక్కువ. జి.ఎన్. రావు అసలు నైపుణ్యం ఈ ముందూ వెనకలను కూడా వైద్యంగానే లెక్కవేయడంలో ఉందని నా నమ్మకం. అది అర్థం కావాలంటే ముందు ఆ పొర సంగతి తెలియాలి.

కార్నియా మధ్యలో మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అడ్డంగా కొలిస్తే పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లు. బయటికి కనిపించే నలుపు దాని వెనకున్న ఐరిస్‌ది, కంటిపాపది. కార్నియాకు రంగు లేదు. కంట్లోకి వచ్చే వెలుగును వంచి రెటీనా మీద కుదిర్చే పనిలో మూడింట రెండు వంతులు ఇదే చేస్తుంది. లోపలి లెన్సుకు మిగిలేది ఒక వంతే. శరీరంలో చర్మానికీ కండకూ ఎముకకూ రక్తనాళాలు ఉన్నాయి, కార్నియాలో ఒక్కటీ ఉండదు. ఉంటే వెలుగుకు అడ్డమే కదా. కావలసిన ఆక్సిజన్‌ను గాలిలోంచి కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది, తిండిని కంటి లోపలి ద్రవంలోంచి తీసుకుంటుంది.

దాని మందంలో తొంభై శాతం స్ట్రోమా అనే భాగం. కొల్లాజెన్ పోగులు పలకలు పలకలుగా, రెండు వందలకు పైగా వరసల్లో పేర్చి ఉంటాయి. పోగులన్నీ దాదాపు ఒకే లావు, వాటి మధ్య ఎడమూ దాదాపు సమానం. ఆ ఎడం వెలుగు తరంగం పొడవు కంటే చాలా చిన్నది. అందువల్ల పక్కలకు చెదిరిన వెలుగు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, తిన్నగా పోయేదే మిగులుతుంది. తెల్లగుడ్డులో ఉన్నదీ కొల్లాజెనే. కానీ అక్కడ లావుపాటివీ సన్నవీ కలగలిసి అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి, అందుకే అది తెల్లగా కనిపిస్తుంది. కార్నియాకు లోతుగా గాయమై మానినప్పుడు కొత్తగా పుట్టే పోగులు పాత వరసలో కుదరవు. పువ్వు పడటమంటే ఇదే. చుక్కల మందుతో ఆ పోగులు తిరిగి వరసకు రావు.

వరస చెడటానికి గాయమే కావాలని లేదు, నీరు చాలు. స్ట్రోమాకు నీటిని పీల్చుకునే గుణం ఉంది. కార్నియా వెనకవైపు ఒకే ఒక్క వరసగా పరుచుకున్న కణాలు ఆ నీటిని ఎప్పటికప్పుడు వెనక్కి తోడేస్తుంటాయి. చిల్లుపడ్డ పడవలో కూర్చుని రాత్రింబగళ్లు నీళ్లు తోడిపోసేవాళ్ల పని అది. తోడటం ఆగితే కార్నియా ఉబ్బి, మసకబారి, పైపొర బొబ్బలెక్కుతుంది. ఈ కణాల వరసనే ఎండోథీలియం అంటారు. పడుచు వయసులో చదరపు మిల్లీమీటరుకు మూడు వేల దాకా ఉండి, వయసుతో నెమ్మదిగా తగ్గుతాయి. మనిషి కంట్లో ఇవి పోతే తిరిగి పుట్టవు. పక్కనున్న కణాలు సాగి ఆ ఖాళీని కప్పుకుంటాయి, అంతే.

జి.ఎన్. రావు పరిశోధకుడిగా తలకెత్తుకున్నది సరిగ్గా ఈ కణాలనే. 1945లో పుట్టిన ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యంలో పీజీ చేసి, 1974లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లోని టఫ్ట్స్‌లో కార్నియా శిక్షణ, తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా, పరిశోధకుడిగా పని. అప్పుడప్పుడే స్పెక్యులర్ మైక్రోస్కోపు వాడుకలోకి వస్తోంది. కంటిని కోయకుండానే ఎండోథీలియం కణాలను ఫొటో తీసే పరికరమది. బతికున్న మనిషి కంట్లో ఆరు పలకల గూళ్ల వరస అలా కనిపించడం డాక్టర్లకే కొత్త. శుక్లం తీసి కృత్రిమ లెన్సు పెట్టడం పెరుగుతున్న కాలం కూడా అదే. కొందరికి ఆపరేషన్ బాగానే జరిగినట్టుండి, తర్వాత కార్నియా ఉబ్బిపోయేది. ఎవరికి అలా అవుతుందో ముందే పసిగట్టడం ఎలా?

అందరూ కణాల సంఖ్యను లెక్కపెడుతున్నారు. జి.ఎన్. రావు, జేమ్స్ అక్వావెల్లా, వాళ్ల సహచరులు 1979లో ప్రచురించిన పరిశోధనలో సంఖ్య ఒక్కటే చాలదన్నారు. కణాల పరిమాణంలో, ఆకారంలో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న కళ్లలో ఆపరేషన్ తర్వాతి వాపు తీయడం ఆలస్యమవుతోందని చూపారు. కణాలు ఎన్ని ఉన్నా, అవి ఇప్పటికే సాగి, ఒత్తిడి పడి, ఓపిక తరిగినవైతే కొత్త గాయాన్ని తట్టుకోలేవు. ఇప్పుడు శుక్లం ఆపరేషన్‌కు ముందు అనుమానం ఉన్న కంటికి ఈ ఫొటో తీయించినప్పుడు, డాక్టరు సంఖ్యతో పాటు ఆకారాన్నీ చూసేది ఇందుకే.

పాడైన కార్నియాను తీసేసి మరొకరిది కుట్టవచ్చని రుజువై అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది. 1905 డిసెంబర్ 7న, నేటి చెక్ దేశంలోని ఒలొమొత్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఆ పని చేశాడు. రోగి అలోయిస్ గ్లోగర్ అనే కూలీ. పని చేస్తుండగా సున్నం పడి రెండు కళ్లూ పోయాయి. బాగుచేయడానికి వీల్లేక తీసేయాల్సి వచ్చిన ఒక పదకొండేళ్ల పిల్లవాడి కంటి నుంచి కార్నియా తీసుకుని గ్లోగర్‌కు అమర్చాడు. ఒక కన్ను నిలిచింది, గ్లోగర్ మళ్లీ పనిలోకి వెళ్లాడు. ప్రపంచంలో తొలిసారి నిలబడిన కార్నియా మార్పిడి సున్నంతో పోయిన కంటికే జరిగిందన్న మాట మన ఇళ్లలో గుర్తుండాలి. తమలపాకు పళ్లెంలో, కిళ్లీ కొట్టులో సున్నం ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. చిన్న ప్యాకెట్లలో వచ్చే సున్నాన్ని పిల్లలు చేత్తో నొక్కితే చిట్లి నేరుగా కంట్లో పడుతుంది. క్షారం గనక కణాల కొవ్వును కరిగించుకుంటూ నిమిషాల్లో లోతుకు దిగుతుంది. అలా జరిగితే ఆసుపత్రికి పరుగెత్తే ముందే, దగ్గరున్న మంచినీళ్లతో రెప్పలు విడదీసి కనీసం అరగంట కడగాలి. రెప్పల కింద ఇరుక్కున్న సున్నం పలుకుల్ని కూడా వదలకూడదు. ఆ అరగంట చేసే మేలు తర్వాత ఏ సర్జనూ చేయలేడు.

ఎనభైల మధ్యలో జి.ఎన్. రావు భార్య ప్రతిభతో కలిసి హైదరాబాద్ తిరిగొచ్చారు. కంటి వైద్యంలో ఈ ఊరు అప్పటికే అనామకమేమీ కాదు. మెహిదీపట్నం దగ్గరి సరోజినీదేవి కంటి ఆసుపత్రి పేరుమోసింది. పద్మభూషణ్ డాక్టర్ శివారెడ్డి ఊరూరా శిబిరాలు పెట్టి శుక్లాలు తీసిన తరం ఇంకా కళ్లముందే ఉంది. లేనిదల్లా పరిశోధన, శిక్షణ, వైద్యం ఒకే కప్పు కింద జరిగే చోటు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయికి వెళ్లి, తొలి తెలుగు టాకీలో నటించి, మద్రాసులో స్టూడియో కట్టిన మనిషి ఆయన. 1987లో సంస్థ మొదలైంది. డబ్బు కట్టగలిగినవాళ్ల దగ్గర తీసుకుని, కట్టలేనివాళ్లకు అదే డాక్టరు, అదే థియేటరు ఉచితంగా ఇవ్వడం మొదటి నుంచీ పద్ధతి. సగం మందికి పైగా పైసా కట్టకుండానే వైద్యం పొందుతున్నారు.

ఇక ఆ గంట పని సంగతి. మైక్రోస్కోపు కింద కన్ను పెద్దదై కనిపిస్తుంది. ముందు దాత కార్నియాలోంచి ఎనిమిది మిల్లీమీటర్ల బిళ్లను గుండ్రటి కత్తితో తీసి పక్కన పెడతారు. రోగి కార్నియాలోంచి దానికంటే పావో అరో మిల్లీమీటరు చిన్న బిళ్లను కోసి తీస్తారు. ఆ క్షణం నుంచి కొత్త బిళ్ల కుట్టేదాకా కన్ను పైకప్పు లేని ఇల్లు. రోగి దగ్గినా, రక్తపోటు ఒక్కసారిగా పెరిగినా లోపలి భాగాలు బయటికి తోసుకొచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి నాలుగు కుట్లు ఎంత త్వరగా పడితే అంత మంచిది. గడియారంలో పన్నెండు దగ్గర ఒకటి, ఆరు దగ్గర రెండోది, తర్వాత మూడు, తొమ్మిది. అన్నిటికంటే కష్టమైనది ఆ రెండోదే. అది ఇసుమంత పక్కకు పోతే బిళ్ల మెలితిరుగుతుంది, మిగతా కుట్లన్నీ ఆ వంకరను మోస్తూ పోతాయి.

దారం నైలాన్. తల వెంట్రుక లావులో మూడో వంతు కంటే ఎక్కువ ఉండదు. అర మిల్లీమీటరు మందంలో తొంభై శాతం లోతుకు సూది దిగాలి, అవతలికి పొడుచుకు పోకూడదు. పైపైన కుడితే వెనక అంచులు నోరు తెరుచుకుని నీరు కారుతుంది. మామూలుగా పదహారు కుట్లు. ఒక్కటి మిగతావాటికంటే బిగిసినా కార్నియా ఆ వైపుకు లాగి గుండ్రదనం పోతుంది, రోగికి అంతా సాగినట్టు కనిపిస్తుంది. ముడులను కార్నియా లోపలికి తిప్పి దాచాలి, లేకపోతే రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటాయి. రక్తనాళాలు లేని పొర గనక గాయం మానడం బహు నెమ్మది. కుట్లు ఏడాదికి పైగా అలాగే ఉంటాయి. వాటిలో ఏది ముందు విప్పాలో, ఏది ఉంచాలో కార్నియా వంపును కొలిచి నిర్ణయిస్తారు. అంటే ఆపరేషన్ ఆ రోజుతో అయిపోదు, ఏడాది పాటు కొద్దికొద్దిగా సాగుతుంది.

కుట్టడానికి కార్నియా ఉంటేనే ఇదంతా. 1989లో సంస్థలో రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంకు పెట్టారు. మన దేశంలో తొలి నేత్రనిధి 1945లో మద్రాసులోనే వచ్చింది, కాబట్టి ఆ ఊహ కొత్తది కాదు. చిక్కంతా ఆచరణలో ఉంది. చనిపోయిన ఆరు గంటల లోపు కార్నియా సేకరించాలి. ఎండాకాలం మన ఊళ్లలో ఆ గడువు ఇంకా ఇరుకు. మృతదేహం చుట్టూ బంధువులు ఏడుస్తున్నప్పుడు కళ్ల మాట ఎత్తేదెవరు? ఎప్పుడో సంతకం పెట్టిన నేత్రదాన పత్రం బీరువాలో ఉంటుంది, ఆ సమయానికి ఎవరికీ గుర్తు రాదు. అందుకే పత్రాల మీద కన్నా, పెద్దాసుపత్రుల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్లను పెట్టడం మీద దృష్టి పెట్టారు. మరణం జరిగిన చోటే ఉండి, కుటుంబాన్ని ముందు ఓదార్చి, సమయం చూసి అడిగే మనుషులు వాళ్లు. నా దృష్టిలో కార్నియా వైద్యంలో అన్నిటికంటే కష్టమైన పని వాళ్లది. 2011లో అవయవ మార్పిడి చట్టాన్ని సవరించాక శిక్షణ ఉన్న టెక్నీషియన్లు కూడా కార్నియా సేకరించవచ్చు. అంతకుముందు అర్ధరాత్రయినా డాక్టరే రావాల్సి వచ్చేది.

వాళ్లు వచ్చి చేసే పని ఇరవై నిమిషాలు, అరగంట. సాధారణంగా కనుగుడ్డు మొత్తం తీయరు. కార్నియాను చుట్టూ తెల్లగుడ్డు అంచుతో సహా తీసి రెప్ప మూసేస్తారు, ముఖం మామూలుగానే ఉంటుంది. కొంచెం రక్తం కూడా తీసుకుంటారు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి లేవని తేల్చుకోవడానికి. కార్నియాను మెకారీ, కౌఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1974లో రూపొందించిన ద్రావణంలో వేస్తే నాలుగు రోజులు నిలవ ఉంటుంది. హైదరాబాద్ ఐ బ్యాంకు ఈ ద్రావణాన్ని ఇక్కడే తయారు చేసుకోవడం చిన్న విషయం కాదు. దిగుమతి సీసా ఖరీదుతో లెక్కేసుకుంటే బీదవాడికి ఉచితంగా కార్నియా పెట్టడం సాగదు. తర్వాత అదే స్పెక్యులర్ మైక్రోస్కోపు కింద పెట్టి ఎండోథీలియం కణాలు లెక్కపెడతారు. రోచెస్టర్‌లో నేర్చిన విద్య ఇక్కడ రోజువారీ పనిగా మారింది. కణాలు చాలినన్ని లేని కార్నియాను చూపు కోసం వాడరు, శిక్షణకో పరిశోధనకో పంపుతారు. కళ్లద్దాలున్నవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు అందరూ కళ్లు ఇవ్వవచ్చు. వద్దనాలా అన్నది ఆ మైక్రోస్కోపు చూసుకుంటుంది.

ఇప్పటికి ఆ సంస్థలో 50 వేలకు పైగా కార్నియా మార్పిళ్లు జరిగాయి. నన్ను ఆపి ఆలోచింపజేసేది మాత్రం అంతకంటే చిన్న అంకె ఒకటి. 1997లో లలిత్ దండోనా, జి.ఎన్. రావు, సహచరులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో తమ 1,725 మార్పిళ్ల ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత తేటగా నిలిచినవి 79.6 శాతం. ఐదేళ్లకు 46.5 శాతం. అంటే సగానికి పైగా పోయాయి. కార్నియా కోను ఆకారంలో ముందుకు సాగే కెరటోకోనస్ జబ్బుకు చేసినవాటిలో మాత్రం ఐదేళ్లకు 95.1 శాతం నిలిచాయి. ఒకసారి విఫలమయ్యాక మళ్లీ చేసినవాటిలో నిలిచింది 21.2 శాతమే.

అదే చెయ్యి, అదే దారం, అదే మైక్రోస్కోపు. ఒకచోట 95, మరొకచోట 21. తేడా సర్జన్‌ది కాదు, కంటిది. ఆరోగ్యమైన కార్నియాలో రక్తనాళాలు లేకపోవడం వల్ల శరీర రక్షణ వ్యవస్థ దాత కణాలను త్వరగా గుర్తుపట్టదు. అందుకే కిడ్నీకి చూసినట్టు ఇక్కడ ప్రతిసారీ కణజాలం సరిపోలిందా అని చూడరు. కానీ పుండు పడి మానిన కంట్లోకి, సున్నం పడ్డ కంట్లోకి రక్తనాళాలు పాకి ఉంటాయి. అవి తిరస్కరణకు దారి వేస్తాయి. పాశ్చాత్య దేశాల్లో మార్పిడికి వచ్చేవి ఎక్కువగా మొదటి రకం కళ్లు, మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెండో రకం. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న సంస్థ ఇలాంటి అంకెల్ని సొరుగులో పెట్టుకోవచ్చు. అచ్చు వేయించడం వల్ల ఒక సంగతి తేలింది. మన దేశంలో కార్నియా అంధత్వాన్ని మార్పిడితోనే గెలవలేం. కన్ను ఆ స్థితికి రాకముందే అడ్డుపడాలి. జి.ఎన్. రావు వృత్తి జీవితంలో నేను అన్నిటికంటే గౌరవించే కాగితం అది.

అక్కడి నుంచి పని రెండు దారుల్లో నడిచింది. మొదటిది ప్రయోగశాల దారి. సున్నం, యాసిడ్ పడ్డ కళ్లలో కార్నియా మార్చినా నిలవకపోవడానికి మరో కారణం ఉంది. కార్నియా పైపొర వారం పదిరోజులకోసారి కొత్తదవుతుంటుంది. దానికి కావలసిన మూలకణాలు నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచులో, లింబస్‌లో ఉంటాయి. ఆ అంచు కాలిపోతే తెల్లగుడ్డు పొర కార్నియా మీదికి పాకుతుంది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు మంచి కంటి నుంచి ఈ కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, పాడైన కంటికి అమర్చారు. 2001 నుంచి హైదరాబాద్‌లో వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి, సహచరులు మాయపొర మీద ఆ కణాలను పెంచి వాడసాగారు. ప్రసవంలో బయటికి వచ్చే పొర అది, శుభ్రం చేసి నిలవ చేస్తారు. ఫలితాలు బాగున్నా, అలాంటి ప్రయోగశాల ప్రతి ఊళ్లో పెట్టడం కుదిరే పని కాదు.

2012లో సంగ్వాన్ బృందం ప్రయోగశాలనే తీసేసింది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, ఎనిమిది పది పలుకులుగా కోసి, పాడైన కార్నియా మీద పరిచిన మాయపొర మీద జిగురుతో అంటిస్తారు. కణాలు సీసాలో పెరిగే బదులు కంటి మీదే పెరిగి కలుసుకుంటాయి. ఒకే రోజు, ఒకే ఆపరేషన్. స్లెట్ అని పిలిచే ఈ పద్ధతితో 125 కళ్లకు చేసిన ఫలితాలు 2016లో వచ్చాయి, 76 శాతం నిలిచాయి. ప్రయోగశాలలో పెంచి చేసినదానికి ఏమీ తీసిపోలేదు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు.

రెండో దారి పల్లెలకు పోయింది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పది వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం అని తేలింది. అందులో 44 శాతం శుక్లాల వల్ల, 16.3 శాతం కేవలం అద్దాలు లేకపోవడం వల్ల. ఒక కళ్లజోడు దొరక్క గుడ్డివాడిగా బతికిన మనిషికి బంజారాహిల్స్‌లో ఎంత పెద్ద సర్జన్ ఉన్నా ఒరిగేదేముంది? 1996లోనే ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ ఆసుపత్రి మొదలైంది, ఇప్పుడది నిర్మల్ జిల్లాలో ఉంది. తర్వాత అంచెలంచెలుగా కట్టారు. 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, ఐదు లక్షలకు ఒక ఆపరేషన్ ఆసుపత్రి, యాభై లక్షలకు ఒక పెద్ద కేంద్రం, వీటన్నిటికీ పైన హైదరాబాద్. విజన్ సెంటర్లో ఉండేది డాక్టరు కాదు. ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన ఆ చుట్టుపక్కల పిల్లలు. అద్దాల నంబరు చూస్తారు, స్లిట్ ల్యాంపుతో కంటి ముందు భాగం పరీక్షిస్తారు, తమ చేతిలో లేనిదాన్ని పైకి పంపుతారు.

కార్నియాకు ఈ అంచె ఎందుకంత ముఖ్యమో వరికోతల కాలంలో తెలుస్తుంది. వరి ఆకు అంచు కంట్లో గీసుకుంటుంది, లేదా నూర్చేటప్పుడు ఊక పడుతుంది. గీత చిన్నదే, కానీ ఆకు మీద ఫంగస్ ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఎరుపు, నీరు కారడం, మధ్యలో బూడిదరంగు మచ్చ. ఆ రైతు ముందు ఇంట్లో ఆకు పసరు పోయించుకుంటాడు, లేదా చనుబాలు పిండించుకుంటాడు. తగ్గకపోతే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు తెచ్చుకుంటాడు. స్టెరాయిడ్ వల్ల ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం అడ్డులేకుండా పెరుగుతుంది. పది రోజులకు కార్నియా కరిగి చిల్లు పడుతుంది. మొదటి రెండు రోజుల్లో పుండును కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగసో బ్యాక్టీరియానో తెలిసిపోతుంది. ఫంగసైతే నాటామైసిన్ చుక్కలు గంటగంటకూ వేస్తారు. మచ్చ మిగలవచ్చు గానీ కన్ను నిలుస్తుంది. ఈ రైతుకు కార్నియా సర్జన్ అవసరం పడకుండా చేయగలిగింది విజన్ సెంటర్లోని ఇంటర్ చదివిన అమ్మాయి. ఆమెను అక్కడ కూర్చోబెట్టడం సర్జన్ పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంధత్వ నివారణ అంతర్జాతీయ సంస్థ కలిసి విజన్ 2020 కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. ఆ అంతర్జాతీయ సంస్థకు జి.ఎన్. రావు తర్వాత అధ్యక్షులయ్యారు. 2002లో పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది గనక ఇక్కడ ఆపుతాను.

కార్నియా సర్జరీ ఈలోగా చాలా మారింది. జబ్బు వెనకపొరలోనే ఉంటే మొత్తం కార్నియా మార్చనక్కర్లేదు. దాత కార్నియా నుంచి ఎండోథీలియాన్ని దాని పలుచని ఆధారపు పొరతో ఒలిచి, చుట్టచుట్టి, చిన్న గాటులోంచి కంట్లోకి పంపి, లోపల విప్పి, గాలిబుడగతో అంటిస్తారు. ఆ పొర మందం మిల్లీమీటరులో వందో వంతు కాస్త అటూఇటూ. పదహారు కుట్లు ఉండవు, చూపు వారాల్లో వస్తుంది, తిరస్కరణ బాగా తక్కువ. జపాన్‌లోని క్యోటోలో షిగెరు కినోషిటా బృందం పొరను కూడా పక్కన పెట్టింది. ప్రయోగశాలలో పెంచిన ఎండోథీలియం కణాలను సూదితో కంట్లోకి ఎక్కించి, రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెట్టారు. 2018లో ప్రచురించిన ఆ ఫలితాలు నిలకడగా వస్తే ఒక దాత కార్నియా ఎందరికో సరిపోతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మార్పిడికి పనికిరాని దాత కార్నియాల పదార్థంతోనే త్రీడీ ప్రింటింగ్‌లో కార్నియా తయారు చేసి 2022లో కుందేలుకు అమర్చారు.

ఇవన్నీ రోగుల దాకా చేరేలోపు, కుట్టిన కార్నియాలను నిలుపుకోవడమే ముఖ్యమైన పని. మార్పిడి అయిన కంటికి తిరస్కరణ ఏ నెలలోనైనా, కొన్నేళ్ల తర్వాతైనా రావచ్చు. గుర్తులు నాలుగు. కన్ను ఎర్రబడటం, వెలుగు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే చూపించుకుంటే స్టెరాయిడ్ చుక్కలతో చాలావరకు వెనక్కి మళ్లుతుంది. రేపు చూద్దాం, చేను పని అయ్యాక వెళ్దాం అని వారం గడిపితే ఎండోథీలియం కణాలు పోతాయి, పోయినవి తిరిగి పుట్టవు. ఫంగస్ పుండులో హాని చేసిన స్టెరాయిడే ఇక్కడ కన్ను కాపాడుతుంది, కాబట్టి ఏది ఎప్పుడన్నది కన్ను చూసినవాళ్లే చెప్పాలి. ఆపరేషన్ రోజు ఇచ్చిన చీటీలో ఊరి దగ్గరి విజన్ సెంటర్ ఫోన్ నంబరు కూడా రాయించుకుని, ఇంట్లో అందరికీ కనిపించేచోట పెట్టుకోవాలి.